విభీషణుడు నిలిచిన చోటు

శ్రీమద్రామాయణమును మన పూర్వాచార్యులు శరణాగతి శాస్త్రముగా పరిగణించిరి. బాలకాండమున దేవతలు శ్రీమన్నారాయణుని ఆశ్రయించుట మొదలుకొని, ఆ మహాకావ్యమున అడుగడుగునను ఎవరో ఒకరు రక్షణ కోరుచునే యుందురు. వానిలో యుద్ధకాండము లోని విభీషణ శరణాగతి ఘట్టము శిరోభూషణము వంటిది. శ్రీ వేదాంత దేశికులు ఈ ఒక్క ఘట్టమును ఆధారముగా గొని ‘అభయప్రదానసారము’ అను గ్రంథమునే రచించిరి. ఈ సర్గలను విన్న ప్రతి పర్యాయమును భక్తుల కన్నులు చెమర్చును. చెమర్చిన ఆ కన్నులతోనే మన వీధి లోనికి వచ్చిన పరాయివానిని మనము ఎట్లు చూచుచున్నాము? ఈ విషయమును పాఠక మహాశయులతో కలిసి విచారింపవలెనని నా కోరిక. ఈ విచారణ నాకు కొంత కష్టమైనది. అందులకు కారణమును చివర మనవి చేసెదను.

ముందుగా ఆ సన్నివేశమును ఒకసారి కన్నులకు కట్టించుకొందము. సముద్రపు ఉత్తర తీరమున వానరసేన విడిసి యున్నది. లంక నుండి విభీషణుడు నలుగురు అనుచరులతో ఆకాశమార్గమున వచ్చెను. వచ్చినవాడు నేల మీదికి దిగలేదు. ఆకాశముననే నిలిచి యుండెను. ఈ చిన్న విషయమును మనము సాధారణముగా దాటిపోవుచుందుము. కాని ఆలోచించిన కొలది హృదయమును కలచివేయు విషయ మిది. వెనుక విడిచిన లంకలో అతనికి చోటు లేదు. అన్న నిండు కొలువులో కులమునకు మచ్చవని నిందింపగా లేచి వచ్చినాడు. ముందున్న ఒడ్డున అతనికి ఇంకను చోటు దొరకలేదు. దిగుమని పిలుచువారు లేరు. పాదము మోపుటకు జానెడు నేల లేక, రెండు తీరముల నడుమ నిలిచి యున్నవాడతడు. బ్రతుకుతెరువునకై భార్యాబిడ్డలతో ఊరు విడిచినవానికి ఈ నిలుచుండుట తెలియును. తాత ముత్తాతల నాటి నుండి ఒకే ఊర బ్రతుకుచున్నను, మతము వేరగుటచే ‘మీరెక్కడివారు?’ అని పదే పదే అడుగబడువానికిని ఇది తెలియును. తెలియనిది మనకు.

క్రింద నున్న వానరులు అతనిని చూచిన మరుక్షణమే చెట్లను, బండలను చేత బట్టిరి. ఇతడు మనలను చంపుటకే వచ్చుచున్నాడని సుగ్రీవుడు హెచ్చరించెను. అప్పటికి విభీషణుడు నోరు విప్పనే లేదు! పిదప అతడు ఏమియు దాచక, తాను రావణుని తమ్ముడనని, సీతమ్మవారిని తిరిగి అప్పగింపుమని చెప్పినందుకు దాసుని వలె అవమానింపబడితినని, ఆలుబిడ్డలను విడిచి రాఘవుని శరణు కోరి వచ్చితినని విన్నవించుకొనెను. స్వామికి ఈ వార్త చేరినది. స్వామి తన వారి అభిప్రాయము నడిగెను. ఇక్కడ వాల్మీకి మహర్షి ఒక్కొక్కని చేతను మాటలాడించిన తీరు గమనింపదగినది. సుగ్రీవుడు గూఢచారి యనెను, వధింపుమనెను. అంగదుడు పరీక్షింపుమనెను. శరభుడు వెనుక ఒక చారుని పెట్టుమనెను. జాంబవంతుడు, శత్రువు వద్ద నుండి, రాకూడని చోటికి, రాకూడని వేళ వచ్చినవాడు గనుక శంకింపవలసినదే యనెను. మైందుడు మెల్లగా ప్రశ్నింపవలెననెను. వీరందరును బుద్ధిమంతులే, స్వామి క్షేమమును కోరినవారే. అయినను వారి శంకకు ఆధారమేది? అతడు ఎక్కడి నుండి వచ్చెను, ఎవరి కులమువాడు అను రెండు విషయములే. అతడేమి చేసెనో, ఎట్టివాడో వారెరుగరు.

ఒక్క ఆంజనేయస్వామి మాత్రమే వేరు మాట పలికెను. అతని ముఖము ప్రసన్నముగా నున్నదనియు, మాటలో దోషము కనబడలేదనియు చెప్పెను. అనగా ఆ సభలో విభీషణుని ముఖము వైపు చూచినవాడు హనుమ ఒక్కడే. ఇంకొక సూక్ష్మమును గూడ ఆ మహానుభావుడు చెప్పెను. సద్భావముతో వచ్చినవానిని నిలువున నిలిపి ప్రశ్నలతో గుచ్చినచో, బుద్ధిమంతుడైనవాడు మన మనస్సును శంకించును, మిత్రుడు కాదగినవాడు చెడిపోవును. ఎంత లోకజ్ఞత! బస్సులో ప్రక్కన కూర్చున్నవానిని, ఇల్లు అద్దెకు అడుగ వచ్చినవానిని, బడిలో బిడ్డను చేర్పింప వచ్చిన తల్లిని మనము అడుగు ప్రశ్నలు ఎట్టివి? తెలిసికొనుటకు అడుగునవి కొన్ని. ‘నీవు మావాడవు కావు సుమా’ అని గుర్తు చేయుటకు అడుగునవి కొన్ని. అడిగించుకొనువానికి ఆ రెంటి భేదము మొదటి మాటకే తెలిసిపోవును.

సుగ్రీవుని మనము నిందింపరాదు. స్వామియే నిందింపలేదు. కాని ఆ సుగ్రీవుడెవరు? అన్న చేత రాజ్యమునుండి తరుమబడి, భూమండలమంతయు తిరిగి, వాలి కాలు పెట్టలేని ఋశ్యమూకము తప్ప తలదాచుకొన చోటు లేక బ్రతికినవాడు. ఆనాడు పంపాతీరమున ధనుర్ధారులైన రామలక్ష్మణులు కనబడినప్పుడును అతడు ఇట్లే బెదరినాడు. వాలి పంపిన వారేమో యని శంకించి, హనుమను భిక్షుక వేషమున పంపినాడు. ఏ పరదేశులను జూచి గుండె జారినదో, ఆ పరదేశులే అతనికి రాజ్యమును, భార్యను తిరిగి ఇప్పించిరి. సంవత్సరము తిరుగక మునుపే ఆ సంగతి మరచి, మరియొక నిర్వాసితుని జూచి బండ నెత్తుమనుచున్నాడు. ఇక శ్రీరామచంద్రుడో, పదునాలుగేండ్లు నార చీరలతో ఊరు వాడ విడిచినవాడు. విభీషణుడు సంగతి సరే. ఆ సముద్రతీరమున ముగ్గురును ఇల్లు వదలినవారే. ముందు వచ్చి కుదురుకొన్నవాడు వెనుక వచ్చినవానిని త్రోయుట లోకస్వభావము. మనలో ఎంతమంది తాతలు కరవు నాడు మూటాముల్లె కట్టుకొని ఈ ఊరు చేరినవారో లెక్క తీసినచో, ‘బయటివారు’ అను మాట నాలుకపై అంత సులభముగా ఆడదు.

“అయ్యా, శరణాగతుని కాచుట భగవంతుని లక్షణము, మేము సంసారులము, మాకెట్లు సాధ్యము?” అని కొందరు భక్తులు నన్నడిగినారు. మంచి ప్రశ్నయే. దీనికి సమాధానము స్వామియే ఆ సభలో చెప్పియున్నాడు. అభయమిచ్చుటకు తాను చూపిన దృష్టాంతము ఏ చక్రవర్తిది, ఏ దేవతది? ఒక పావురమును చూపినాడు. తన పెంటిని పట్టుకొన్న బోయవాడే తన చెట్టు క్రిందికి చేరగా, అతనిని అతిథిగా ఎంచి తన శరీరమునే ఆహారముగా ఇచ్చిన పక్షి యది. పక్షియే అంత చేయగా నా వంటివాడు చేయవద్దా యని స్వామి ప్రశ్న. నేను రాముడను గానని తప్పించుకొన జూచువారి కొరకే స్వామి ఆ మెట్టును చెట్టు కొమ్మ దాకా దించి చూపినాడని నాకు తోచును. రాముడు గాకున్నను పావురము గావచ్చును గదా! పైగా వచ్చినవాడు విభీషణుడే కానిండు, రావణుడే కానిండు, తోడ్కొని రమ్మని స్వామి సెలవిచ్చెను. భాగవతుని జన్మమును విచారించుట తల్లి శీలమును శంకించుటతో సమానమైన పాపమని మన ఆచార్యులు శాసించిరి. అది భాగవతుల మాట. శ్రీరాముని మాట అంతకంటె విశాలమైనది. భక్తుడగునా కాడా యని గూడ అడుగలేదు.

(మన పొరుగున నున్న అన్యమతస్థుని, కూలివానిని రాక్షసునితో పోల్చుచున్నానని ఎవరును తలపకుందురు గాక. రాక్షస కులమున పుట్టినవానికే ఈ న్యాయము వర్తించినప్పుడు, మన వలె అన్నము తిని, మన వలె బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి మేలుకొని యుండు మనిషి మాట వేరుగా చెప్పనేల?)

ఇది త్రేతాయుగపు మాట యని తీసివేయుటకు వీలు లేదు. తిరుమల యాత్ర చేయు ప్రతి భక్తుడును ఆలయ సమీపమున హథీరాంజీ మఠమును చూచియే యుండును. ఆ బావాజీ ఉత్తరదేశము నుండి వచ్చిన బైరాగి. భాష వేరు, వేషము వేరు. స్వామి రాత్రివేళ వచ్చి అతనితో పాచికలాడెడివాడని ఐతిహ్యము. ఒకనాడు తెల్లవారుటచే స్వామి తొందరగా లేచిపోయి తన ఆభరణమును అక్కడ మరచినాడు. దానిని తిరిగి ఇచ్చుటకు ఉదయమే ఆలయమునకు వచ్చిన బావాజీని జనులు ఏమనిరి? దొంగ యనిరి. ఊరు పేరు తెలియని బైరాగి చేతిలో స్వామివారి నగ యున్నచో వేరొక ఆలోచన వారికెట్లు తోచును? ఒక బండెడు చెరకు గడలతో అతనిని గదిలో పెట్టి తాళము వేసి, తెల్లవారునప్పటికి అంతయు తినవలెనని శిక్ష విధించిరి. ఏనుగు వచ్చి ఆ చెరకును తినిపోయెను. ఆ కథ మన పిల్లలకు చెప్పునప్పుడు ఏనుగు దగ్గర మనము ఆనందముతో ఆగిపోవుదుము. తాళము వేసినవారు భక్తులే యన్న సంగతిని మాత్రము చెప్పము. చరిత్ర మరియొక మాట చెప్పుచున్నది. 1843వ సంవత్సరము నుండి 1933 వరకు, తొంబది ఏండ్లు, శ్రీవారి ఆలయ పరిపాలన ఆ మఠపు మహంతుల చేతిలోనే యుండెను. దొంగ యని తాళము వేయబడిన పరదేశి సంప్రదాయము వారికే స్వామి తన తాళపుచెవులను అప్పగించినాడు.

తిరుమలకు గడప యని పేరొందిన కడపలో, దేవుని కడప శ్రీ లక్ష్మీ వేంకటేశ్వరస్వామి సన్నిధికి ఉగాది నాడు పోయి చూడుడు. ముస్లిం కుటుంబములు పిల్లాపాపలతో వచ్చి స్వామిని సేవించుకొనుట కన్నుల పండువుగా నుండును. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచనియు, వేంకటేశ్వరుడు తమ అల్లుడనియు వారి భావము. సంవత్సరాది నాడు అల్లుని చూచిపోవుట వారికి పరంపరగా వచ్చుచున్నది. మేలుకోటలో శ్రీ చెలువనారాయణుని పాదముల చెంత ఆ తల్లికి స్థానమున్నది. శ్రీరంగమున తులుక్క నాచ్చియారను పేర ఆమెకు సన్నిధి గలదు. అక్కడ ఆమెకు గోధుమ రొట్టె, వెన్న నివేదింతురు. ఢిల్లీ పాదుషా కుమార్తె ఉత్సవమూర్తిని విడిచి యుండలేక వెంట వచ్చినదని గురుపరంపరాదుల కథ. కాలనిర్ణయము చేయు పండితులు ఈ కథలోని తేదీలు కుదరవందురు. కుదరకపోవచ్చును. ఆగమము తెలిసిన మన పెద్దలు, వేరొక మతపు పిల్లను స్వామి సన్నిధిని కూర్చుండబెట్టి, ఆమె పుట్టింటి రొట్టెనే ఆమెకు నివేదన చేసిరన్నది కథ గాదు, నేటికిని జరుగుచున్న ఆచారము. ఆమెను మార్చి మన వంట పెట్టలేదు చూడుడు! చేర్చుకొనుట యనగా ఇది.

అదే శ్రీరంగమునకు మన ఒంగోలు దగ్గరి కరవది గ్రామము నుండి ఒక ముస్లిం విద్వాంసుడు వలస పోయెను. నాదస్వర చక్రవర్తి షేక్ చినమౌలానా సాహెబుగారు. తెలుగువాడు, ఇస్లాం మతస్థుడు, తమిళదేశమున కాపురము; ఎటు చూచినను ‘వేరు’ అనదగినవాడే. శ్రీరంగనాథుడు ఆ నాదమును తన సన్నిధిని వినెను. ఆ ఊరు ఆయనను తనవానిగా చేసికొన్నది. 1977లో పద్మశ్రీ, 1998లో మదరాసు సంగీత విద్వత్సభవారి సంగీత కళానిధి బిరుదము ఆయనకు లభించెను. 1999లో పరమపదించువరకు శ్రీరంగమే ఆయన ఊరు.

స్వామి ఎంబెరుమానారు గూడ ఒకప్పుడు పరదేశియే. చోళరాజు భయమున తెల్లని వస్త్రములతో శ్రీరంగము విడిచి అడవులు పట్టినప్పుడు, ఆ స్వామి పరివారమునకు మొదట తేనెయు, కొర్రపిండియు పెట్టి కాచినవారు బోయలని గురుపరంపర చెప్పును. పిదప హొయసల దేశము ఆశ్రయమిచ్చినది. ఆ ఆశ్రయమే లేకున్నచో మేలుకోట లేదు.

మన తెలుగువారు పరాయివారైన దేశములును గలవు. గోదావరి, విశాఖ, గంజాము మండలముల నుండి వేలాది కూలీలు ఓడలెక్కి రంగూను పోయిరి. కోరంగి రేవు పేరున వారికి ‘కోరంగీలు’ అని పేరు. ఆ పేరు అక్కడ తిట్టుగా మారినది. 1930 మే మాసమున రంగూను రేవులో మన తెలుగు కూలీలు కూలి పెంపునకై సమ్మె కట్టగా, యజమానులు బర్మా కూలీలను తెచ్చి పెట్టుకొనిరి. సమ్మె తీరిన తరువాత వారిని పొమ్మనిరి. ఇరువురు పేదలకు నడుమ నిప్పు రాజినది. యజమానికి ఏమియు కాలేదు. వందకు పైగా ప్రాణములు పోయినవి, అధికభాగము మనవారివే. 1941 డిసెంబరులో రంగూనుపై జపాను బాంబులు పడగా, మరుసటి సంవత్సరము లక్షలాది భారతీయులు అరకాను కొండల మీదుగా, మణిపురపు అడవుల మీదుగా కాలినడకను స్వదేశము చేరవలసి వచ్చెను. ఆ చావు నడకలో గూడ తెల్లవారికి ఒక త్రోవ, నల్లవారికి ఒక త్రోవ ఏర్పరచిరి. త్రోవలో రాలిపోయిన వారికి తర్పణము విడిచినవారు లేరు. విశాఖపట్టణమున నేటికిని బర్మా క్యాంపు అను పేట కలదు. అక్కడి వృద్ధులను కదిపినచో, కట్టుబట్టలతో దిగిన నాటి కథలు ఇంకను వినవచ్చును. ‘మా దేశమున మీకేమి పని?’ అను మాట ఎట్లుండునో మనకు ఒకరు నేర్పనక్కరలేదు. దానిని రుచి చూచిన నోటితోనే మనము ఇంకొకరిని అనుచున్నాము.

ఒడిశాలోని బలంగీరు, నువాపాడా ప్రాంతముల నుండి ప్రతి యేటను సంక్రాంతికి ముందే కుటుంబములు తరలివచ్చి మన ఇటుక బట్టీల వద్ద గుడిసెలు వేసికొనుచున్నవి. మనము కట్టుకొను మేడలకు, మన కల్యాణ మండపములకు, ఆ మాటకు వచ్చిన మన గుడుల ప్రాకారములకు ఇటుక వారు కాల్చినదే. వారు జగన్నాథస్వామి బిడ్డలు. సాలబేగు అను ముస్లిం భక్తుని కొరకు రథమునే ఆపిన స్వామి వారిది. పూరీలో ఆతని సమాధి కడ నేటికిని ఏటేట రథము నిలుచును. అట్టి వారు మన ఊరి కోవెల మెట్ల వద్ద నిలిచి, లోపలికి రావచ్చునో రాకూడదో తెలియక వెనుదిరిగిపోవుట నేను కన్నులార చూచితిని. ఎవరును వలదనలేదు. ఎవరును రమ్మనియు అనలేదు.

2020 మార్చి 25న దేశమంతయు తలుపులు మూసికొన్నప్పుడు ఈ వలస కూలీలు ఎందరున్నారో మనకు మొదటిసారి కనబడినది. మే 1వ తేదీన మొదటి శ్రామిక రైలు మన లింగంపల్లి నుండియే జార్ఖండు లోని హటియాకు బయలుదేరెను. సుమారు 1,200 మంది అందు ప్రయాణించిరి. రైలు అందనివారు నెత్తిన మూటలతో రహదారుల వెంట నడిచిరి. ఆ దినములలో అన్నము పొట్లములు కట్టి పంచిన పుణ్యాత్ములు ప్రతి ఊరను గలరు. వారికి నా నమస్సులు. వ్యాధి భయముతో మంచినీళ్ళ చెంబును గూడ లోపల పెట్టుకొన్న ఇండ్లును గలవు. భయము సహజమే. సుగ్రీవునకును భయమే కదా!

జాగ్రత్త వలదని నేననుట లేదు. కొత్తవాని ఊరు, ఉద్యోగము కనుగొనుట, గుర్తింపు కాగితము చూచుట, అడ్వాన్సు పుచ్చుకొనుట గృహస్థునకు ఉచితములే. అందరిని అడుగునట్లే అడిగినచో అది జాగ్రత్త. పేరు వినగానే ఒకనికి మాత్రము తలుపు మూసినచో దానికి వేరు పేరున్నది. మతము, కులము, పుట్టిన చోటు కారణముగా ప్రభుత్వము ఎవరిని వేరుగా చూడరాదని మన రాజ్యాంగము 15వ అధికరణమున చెప్పినది. దేశమున ఎచ్చటనైనను నివసించు హక్కును 19వ అధికరణము ప్రసాదించినది. కాని చట్టము మా ఇంటి గేటు దాకా వచ్చును, లోపలికి రాదు. లోపల నున్నది నేను, నా మనస్సు.

ఇక మొదట చెప్పెదనన్న మాట. 2012వ సంవత్సరమున శ్రీరామ నవరాత్రులలో మా పట్టణపు రామాలయమున తొమ్మిది దినములు ఉపన్యసించితిని. ఏడవ నాటి విషయము విభీషణ శరణాగతి. ఆ ఉదయము నేను ఆ సర్గలను ముందు పెట్టుకొని చూచుకొనుచుండగా గేటు కడ ఎవరో పిలిచిరి. మా మీది వాటా ఖాళీగా నుండుటచే అద్దెకు ఇవ్వబడునని బోర్డు కట్టియుంటిమి. వచ్చినవాడు బదిలీ మీద ఒక బ్యాంకునకు వచ్చిన యువకుడు. వెనుక వీధి ఎండలో భార్య, మూడేండ్ల పిల్ల. పిల్లకు దాహమగుచున్నదని గ్రహించి నా ఇల్లాలు అడుగకయే మంచినీళ్ళు తెచ్చి ఇచ్చినది. అతని మాట నెమ్మది. తెలుగు మన తెలుగే, కొంచెము సీమ యాస. అద్దె గురించి బేరమాడలేదు. నేను పేరడిగితిని. చెప్పెను. ముస్లిం పేరు.

ఆ క్షణమున నేను ఆలోచించితినని గూడ చెప్పలేను. “నిన్ననే వేరొకరికి మాట ఇచ్చితిమి బాబూ” అని నా నోట వెడలినది. అతడు నా ముఖము చూచెను. పిదప నా చేతి ప్రక్కనే గేటుకు వ్రేలాడుచున్న బోర్డును చూచెను. “మంచిదండీ” అని నమస్కరించి, పిల్ల నెత్తుకొని పోయెను.

సాయంకాలము ఉపన్యాసము బాగుగా సాగినదని అందరును అనిరి. స్వామి అభయమిచ్చు ఘట్టమున ముందు వరుసలోని వృద్ధులు కన్నులు తుడుచుకొనుట చూచితిని. నా కంఠమును గద్గదమైనది. ఇంటికి వచ్చి భోజనమునకు కూర్చున్నప్పుడు మా ఇల్లాలు మజ్జిగ పోయుచు, “పొద్దున వచ్చినవాళ్ళకి ఇల్లు దొరికిందో లేదో” అన్నది. అంతకు మించి ఒక్క మాటయు అనలేదు.

మూడవ నాడు ఆ బ్యాంకునకు పోతిని. అతడు లేచి కుర్చీ వేసెను. మా వాటా ఖాళీగానే యున్నదని, మొన్న నేనాడినది అబద్ధమని చెప్పితిని. అతడు కోపగింపలేదు. “పర్వాలేదండీ, అలవాటే. మీది ఆరో ఇల్లు. ఆమెను, పాపను మా ఊరికి పంపించేశాను. నేను లాడ్జిలో సర్దుకుంటున్నాను” అనెను. మరల రమ్మని చెప్పితిని. రాలేదు. కొన్ని నెలలకు మరియొక ఊరికి బదిలీ చేయించుకొని పోయినాడని తెలిసినది. విభీషణుని కథ నాటి నుండి నేను ఎన్ని పర్యాయములు చెప్పితినో, అతడు ఆకాశమున నిలిచెనన్న చోటికి రాగానే నాకు మా గేటు జ్ఞప్తికి వచ్చును.

మొన్నటి శ్రీరామనవమికి అదే ఆలయమున, అదే ఘట్టము చెప్పవలసి వచ్చెను. ఆ చోట ఒకింత ఆగి, ఈ బోర్డు సంగతిని ఉన్నదున్నట్లు సభకు విన్నవించితిని. సభ నిశ్శబ్దమైనది. ఉపన్యాసానంతరము ఇద్దరు పెద్దలు నా కడకు వచ్చిరి. ఇట్టి ఇంటి విషయములు వ్యాసపీఠము మీద చెప్పదగవని ఒకరు మందలించిరి. రెండవవారు ఆయన వెళ్ళువరకు ఊరకుండి, తీర్థము పుచ్చుకొని, తమ పెరటి వైపు రెండు గదులు సంక్రాంతి నుండి ఖాళీగా నున్నవనియు, ఎవరైన అడిగినచో పంపుడనియు చెప్పి, చెప్పులు వెదకుకొనుచు వెడలిపోయిరి.